అహుర మజ్దాకు సాటి దైవం ఉందా?

ప్రశ్న: జరతుష్ట్ర మతంలో మంచికి ఒక దేవుడు, చెడుకు మరొక దేవుడు ఉంటారనీ, పార్సీలు అగ్నినే దైవంగా కొలుస్తారనీ చదివాను. అలాంటప్పుడు అహుర మజ్దాను పరమేశ్వరుడని ఎలా అంటారు?

జవాబు: ఆ మతంలో ఆరాధన అందుకునే సృష్టికర్త అహుర మజ్దా ఒక్కడే. ఆ మత ప్రవక్త జరతుష్ట్రుడివిగా చెప్పే 17 గాథలలో, అంటే స్తోత్రాలలో, ఒకచోట ఆయన, భూమిని కింద నిలిపి ఆకాశం పడిపోకుండా పట్టి ఉంచినదెవరు, గాలికీ మబ్బులకూ వేగాన్ని పూన్చినదెవరు అని వరుసగా అడుగుతాడు. ఆ ప్రశ్నలన్నీ అహుర మజ్దాకే నివేదించినవి. జవాబు కూడా ఆయనే.

చెడు మాటకు వస్తే, మంచిని ఎంచుకున్న ఆత్మ ఒకటి, చెడును ఎంచుకున్న ఆత్మ ఒకటి అని గాథలు రెండింటిని చెబుతాయి. చెడు ఆత్మ పేరు అంగ్ర మైన్యు. తరువాతి కాలపు ఇరాన్ భాష పహ్లవీలో అతణ్ణి అహ్రిమన్ అనీ, అహుర మజ్దాను ఓహ్రమజ్ద్ అనీ అంటారు. ఆ భాషలో సృష్టి కథను చెప్పే బుందహిష్న్ గ్రంథం వీరిద్దరినీ ఎదురెదురుగా నిలబెడుతుంది కనుకనే ఇద్దరు దేవుళ్ళన్న అభిప్రాయం బలపడింది. అయితే ఆ కథను పూర్తిగా చదివితే వారు సమానులు కారని తేలిపోతుంది. ఓహ్రమజ్ద్ సర్వజ్ఞుడు, అహ్రిమన్‌కు జరిగిన తరువాతే తెలుస్తుంది. ఓహ్రమజ్ద్ ముందు సంధికి పిలుస్తాడు, అహ్రిమన్ కాదంటాడు; అప్పుడు పోరుకు 9000 ఏళ్ళ గడువు విధించి, అహునవర్ అనే ప్రార్థన పఠించి, చివరికి కలగబోయే ఓటమిని శత్రువుకు చూపిస్తాడు. అది చూసి అహ్రిమన్ 3000 ఏళ్ళు స్పృహ తప్పి పడి ఉంటాడు. గడువు పెట్టేవాడూ, ముగింపు ఎరిగినవాడూ ఒక్కడే అయినప్పుడు రెండోవాణ్ణి సాటి దైవమనడం నాకు సబబుగా తోచదు.

కానీ ఒక తేడాను గుర్తించాలి. చెడు కూడా దేవుడి సంకల్పమే అని సమాధానపడడానికి ఈ సంప్రదాయం ఒప్పుకోదు. రోగం, అబద్ధం, మరణం ఆయన నుంచి వచ్చినవి కావు, ఆయన పరీక్షలూ కావు. వాటిని ఎదిరించడంలో మనిషి ఆయనకు తోడు నిలవాలి. మంచి తలపు, మంచి మాట, మంచి చేత అని పార్సీలు నిత్యం చెప్పుకునేది అందుకే. దుఃఖంలో ఉన్నవారికి ఇదెంత ధైర్యమిచ్చే మాటో ఆలోచించండి.

ఇక అగ్ని దైవం కాదు, అహుర మజ్దా సృష్టిలో పవిత్రమైనది. సత్యానికీ ధర్మానికీ నిలయమైన అష అనే దివ్యశక్తికి గుర్తు. గుజరాత్‌లోని ఉద్వాడలో ఇరాన్‌షా పేరుతో శతాబ్దాలుగా ఆరకుండా కాపాడుతున్న అగ్ని ఎదుట నిలిచినా, ఇంట్లో దీపం వైపు తిరిగినా, పార్సీలు ప్రార్థించేది అహుర మజ్దానే.