వైజాగ్ దగ్గర లోక్-1 గోధుమ: నేను వేసి చూసినంతవరకు

లోక్-1 త్వరగా కోతకొస్తుందట, వైజాగ్ చుట్టుపక్కల వేయొచ్చా, అసలు స్ప్రింగ్ గోధుమ అంటే ఎండాకాలం పంటా అని అడిగారు కదా. రెండోది ముందు చెప్తాను. కాదండీ. గట్టి చలి తగిలితేగానీ సరిగ్గా వెన్ను (కంకి) తీయనిది వింటర్ గోధుమ, ఆ చలితో పెద్దగా పని లేనిది స్ప్రింగ్ గోధుమ. మన దేశంలో దాదాపు అంతా ఈ రెండో రకమే, కాకపోతే వేసేది రబీలో, అంటే చలికాలంలో.

లోక్-1 గుజరాత్‌లో సణోసరా లోకభారతి వాళ్లు తీసిన రకం. గింజ లావు, చపాతీ బాగుంటుంది, తుప్పు తెగులుకి మాత్రం తట్టుకోదు. అక్కడ సుమారు 100-110 రోజులంటారు. ఆనందపురం అవతల మా అమ్మవాళ్ల పొలంలో పది సెంట్ల మెట్ట చెక్కలో నవంబర్ 20న వేస్తే యాభై రోజులకే వెన్నులు బయటికొచ్చేశాయి, 92వ రోజున కోసేశాం. అబ్బో ఎంత తొందరో అని సంబరపడ్డాను గానీ, అది రకం గొప్ప ఒక్కటే కాదు, మన వేడి కూడా పంటని తరిమేస్తుంది. పెరగడానికి టైమ్ లేక పిలకలు (మొదట్లోంచి వచ్చే పక్క కాడలు) తక్కువ వస్తాయి. అందుకే ఎకరాకి 40 కిలోల విత్తనం చాలంటారు గానీ, నేనైతే 50 లెక్కన, వరసలు దగ్గర చేసి వేస్తాను.

వరి కోసిన మడిలో ఇంకో పది సెంట్లు డిసెంబర్ 25న వేశాను, అదే విత్తనం. ఫిబ్రవరి చివర్లో, మార్చిలో ఎండ ముదిరేసరికి గింజ పాలు పోసుకునే దశలోనే ఎండిపోయింది. మొదటి చెక్కలో 70 కిలోలొస్తే ఇందులో 35, అందులోనూ సగం తాలు. త్వరగా పండే రకమే కదా, ఎప్పుడు వేసినా పర్లేదు అనుకోవద్దు. కెనడాలో ఇలాంటి రకాలు మంచు పడేలోపు కోసుకోవడానికి, మనకి ఎండ ముదిరేలోపు కోసుకోవడానికి, అంతే తేడా.

నీళ్లు ఎన్ని తడులైనా ఇవ్వండి, 20-21 రోజులకి కొత్త వేర్లు పుట్టే టైమ్‌లో తడి మాత్రం తప్పించొద్దు. మోటారు పాడై ఆ తడి నాలుగు రోజులు ఆలస్యమైన ఒక మూలలో పిలకలే రాలేదు.

అమ్మకానికైతే వద్దు, ఇంటికి సరిపడా వేసుకోండి. ఇంకోటి, చుట్టుపక్కల ఎవరిదీ పండకముందే మీది పండుతుంది కాబట్టి ఊళ్లో పిచ్చుకలన్నీ మీ చేలోనే ఉంటాయి, ఆఖరి రెండు వారాలు వల కట్టుకోండి.