వాడిన ఎం5ను రోజూ ఆఫీసుకు నడపవచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 36 ఏళ్లు. నిజాంపేటలో ఉంటూ నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకు వెళ్లివస్తాను. రానూపోనూ రోజుకు 40 కిలోమీటర్లు. ఇంజనీరింగ్ రోజుల నుంచీ బీఎండబ్ల్యూ ఎం5 అంటే ప్రాణం. ఇప్పుడు ఢిల్లీ రిజిస్ట్రేషన్ ఉన్న 2013 మోడల్ ఒకటి 38 లక్షలకు దొరుకుతోంది. 52 వేల కిలోమీటర్లు తిరిగింది. నా దగ్గర 13 లక్షలు ఉన్నాయి, మిగతా 25 లక్షలు అప్పు తీసుకుంటాను. చేతికొచ్చే జీతం నెలకు 2 లక్షల 10 వేలు. ఇప్పుడున్న ఐ20ని అమ్మేసి, ఈ ఒక్క కారునే రోజూ వాడుకోవాలని ఆలోచన. కొత్త ఇన్నోవా హైక్రాస్‌కు పెట్టే డబ్బుతో ఎం5 వస్తున్నప్పుడు వదులుకోవడం తెలివితక్కువ అనిపిస్తోంది. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ కోరికను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మీరు చూసిన ఎఫ్10 తరం ఎం5లో రెండు టర్బోలున్న 4.4 లీటర్ల వీ8 ఇంజను ఉంటుంది. 560 హార్స్‌పవర్, 680 న్యూటన్ మీటర్ల టార్కు, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు. వెనక సీట్లో అమ్మానాన్నలను హాయిగా కూర్చోబెట్టుకుని వెళ్లగలిగిన కారు, అవసరమైతే నాలుగున్నర సెకన్లలోపే 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అలాంటి బండి మీద మనసు పడటంలో తప్పేమీ లేదు. అయినా మీరు రాసిన జీతంతో, మీరు చెప్పిన దారిలో, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కారుగా దాన్ని కొనవద్దనే నా సలహా.

ముందు నెలవారీ లెక్క చూద్దాం. 25 లక్షల అప్పుకు 12 శాతం వడ్డీ చొప్పున ఐదేళ్లకు నెల కిస్తీ దాదాపు 55,600 రూపాయలు అవుతుంది. పాత కార్లకు ఇచ్చే అప్పుల మీద వడ్డీ ఇంతకన్నా ఎక్కువే ఉండవచ్చు. నెలకు 22 రోజులు ఆఫీసుకు వెళ్తే 880 కిలోమీటర్లు. జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ దాకా సిగ్నల్ తర్వాత సిగ్నల్ దాటుకుంటూ వెళ్లేటప్పుడు ఈ ఇంజను లీటరుకు నాలుగైదు కిలోమీటర్లకు మించి ఇవ్వదు. 95 ఆక్టేన్ కన్నా తక్కువ పెట్రోలు ఇందులో పోయకూడదు కాబట్టి లీటరుకు 115 రూపాయలు వేసుకున్నా నెలకు 22 వేల పైమాటే. అదే దూరానికి మీ ఐ20 ఆరేడు వేలతో సరిపెడుతుంది. పైగా ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ, అందువల్ల మైలేజీ ఇంకొంచెం తగ్గుతుంది. 2013లో తయారైన కారు ఆ మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది కూడా కాదు.

కిస్తీ, పెట్రోలు కలిపి నెలకు 78 వేలు. ఇంతవరకే అయితే మీ జీతానికి కష్టమైనా అసాధ్యం కాదు. అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. పాతబడినకొద్దీ కారు ధర పడిపోతుంది గానీ దాని విడిభాగాల ధర పడిపోదు. కొత్తలో కోటి రూపాయల స్థాయిలో పలికిన కారుకు ఏ బ్రేకు డిస్కు వేశారో, 38 లక్షలకు కొన్న మీరూ అదే డిస్కు వేయించాలి. ముందు చక్రాల డిస్కుల వ్యాసం 400 మిల్లీమీటర్లు. చిన్న కార్లలో చాలావాటి చక్రపు రిమ్మే అంతకు మించి ఉండదు. టైర్లు ముందు 265, వెనక 295 సైజువి, నాలుగూ మారిస్తే లక్ష దాటుతుంది. వెనకవి ముందే అరుగుతాయి. మామూలు 3 సిరీస్‌ను చెన్నై దగ్గరి ప్లాంటులో కూర్చి అమ్ముతారు కాబట్టి దాని భాగాలు ఇక్కడ తేలిగ్గా దొరుకుతాయి. ఎం5 అలా కాదు, పూర్తిగా తయారై దిగుమతి అయిన కారు. ఒక సెన్సరు కోసం రెండు మూడు వారాలు ఎదురుచూడాల్సి వస్తే, ఐ20ని అమ్మేసిన మీరు ఆ రోజుల్లో ఆఫీసుకు క్యాబులో వెళ్లాలి.

ఇంజను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజువారీ వాడకానికీ దీనికీ పడని చోటు ఇక్కడే ఉంది. ఈ ఇంజనులో టర్బోలు రెండూ వీ ఆకారపు మధ్య సందులో, రెండు వరసల సిలిండర్ల నడుమ ఉంటాయి. అందువల్ల యాక్సిలరేటర్ నొక్కగానే స్పందిస్తుంది, కానీ వేడంతా అక్కడే పోగవుతుంది. హైవే మీద గాలి తగులుతుంది కాబట్టి ఫరవాలేదు. మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ముందుకూ వెనక్కూ కదలకుండా నిలబడితే మాత్రం ఆ వేడికి రబ్బరు గొట్టాలు, ఆయిలు కారకుండా ఆపే వాల్వు స్టెమ్ సీళ్లు, వైరింగు మీది ప్లాస్టిక్కు ఎండిపోతాయి. ఈ ఇంజనుకు మూలమైన ఎన్63 ఇంజను సమస్యల కోసం కంపెనీయే 2014 చివర అమెరికాలో ప్రత్యేక కార్యక్రమం పెట్టి, ఆయిలు మార్చే గడువును కూడా తగ్గించింది.

నా మిత్రుడొకరి దగ్గర ఇలాంటి ఎనిమిది సిలిండర్ల పాత జర్మన్ కారు ఉండేది. ఒక సాయంత్రం సెల్లార్‌లో ఇంజను ఆపేశాక కూడా ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంది, కింద నేల మీద పచ్చటి కూలెంటు చుక్కలు కనిపించాయి. మర్నాడు షెడ్డులో మెకానిక్ బానెట్ ఎత్తి ఒక గొట్టాన్ని రెండు వేళ్లతో మెల్లగా వంచితే అది ఎండు పుల్లలా పెళుక్కున విరిగి చేతిలోకి వచ్చేసింది. ఆ గొట్టం ఖరీదు కొన్ని వేలే. దాన్ని చేరుకోవడానికి పైనున్నవన్నీ విప్పాలి, విప్పాక పక్కనున్న గొట్టాలన్నీ అదే స్థితిలో కనబడ్డాయి. బండి పదకొండు రోజులు అక్కడే ఉంది. మెకానిక్ చేసిన పనిలో లోపం లేదు, బిల్లులోనూ మోసం లేదు. పదేళ్లు వేడిలో ఉడికిన రబ్బరు అంతే ఉంటుంది. అదంతా చూశాకే, పాత హై పర్ఫార్మెన్స్ కారు కొనేవారు కొనుగోలు ధరలో కనీసం నాలుగో వంతు డబ్బు వేరే ఖాతాలో ముట్టుకోకుండా ఉంచాలని నేను చెబుతూ వస్తున్నాను. మీ విషయంలో అది తొమ్మిదిన్నర లక్షలు. మీరు ఉన్న 13 లక్షలనూ ముందుగానే కట్టేస్తున్నారు.

గేర్‌బాక్సు గురించి ఒక్క మాట. డ్యూయల్ క్లచ్ లోపల ఉండేది క్లచ్చే. అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో అది జారుతూ వేడెక్కుతూ అరుగుతుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద కిలోమీటర్లు పోయినా దానికి అంత శ్రమ ఉండదు. ఔటర్ మీద కూడా గరిష్ఠ వేగం 120 మాత్రమేనని మీకు తెలిసిందే.

బీమా పత్రం చదవకుండా సంతకం పెట్టకండి. ఇంత వయసున్న కారుకు జీరో డెప్ కవరు, అంటే తరుగుదల కోయకుండా భాగాల పూర్తి విలువ ఇచ్చే బీమా, దొరకడం కష్టం. మామూలు సమగ్ర బీమాలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి విలువలో సగమే ఇస్తారు; పదేళ్లు దాటిన కారుకు లోహపు భాగాల మీద కూడా తరుగుదల 50 శాతం. ఏ ఆటోనో ముందు బంపరుకు, హెడ్‌లైటుకు తగిలితే సగం బిల్లు మీదే. వానాకాలం అండర్‌పాస్‌లో నీళ్లు ఇంజనులోకి వెళ్తే, ఇంజను రక్షణ కవరు విడిగా తీసుకోకపోతే మొత్తం మీదే.

ఢిల్లీ రిజిస్ట్రేషన్‌కు కూడా ఖర్చుంది. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచే బండికి అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అంటే ఢిల్లీ ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), యాజమాన్య బదిలీకి 29, 30 ఫారాలు, ఆపైన తెలంగాణ జీవితకాల పన్ను. ఆ పన్నుకు ఆధారం మీరు కొన్న 38 లక్షలు కాదు, కారు కొత్తప్పటి ధర. వయసును బట్టి తగ్గింపు ఉంటుంది గానీ మొత్తం చిన్నది కాదు. బేరం ముగించే ముందే ఆర్టీవో కార్యాలయంలో లెక్క వేయించుకోండి. 2013 కారుకు పదిహేనేళ్లు 2028లో నిండుతాయి, అప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఆర్‌సీ పునరుద్ధరించుకోవాలి. మీ అప్పు మాత్రం అప్పటికి ఇంకా తీరదు.

ఇంత చెప్పినా మనసు ఆగకపోతే కారును రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. పావుగంట అలాగే నడవనిచ్చి, ఆపైన ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కించి సైలెన్సర్ల వైపు చూడండి. నీలి పొగ గుప్పుమంటే వాల్వు సీళ్లు పోయినట్టు, అక్కడి నుంచే తిరిగి వచ్చేయండి. 2012లో ఈ మోడల్‌కు ఆయిలు పంపు రీకాల్ జరిగింది. ఈ కారు ఆ వరసలోదైతే ఆ పని చేయించారో లేదో ఛాసిస్ నంబరుతో కనుక్కోండి. కంపెనీ స్కానరు పెట్టించి, మీటరులోని కిలోమీటర్లు మిగతా కంట్రోల్ యూనిట్లలో నమోదైనవాటితో సరిపోతున్నాయో చూడండి. ఇందులో స్టెప్నీ ఉండదు కాబట్టి టైర్ల పక్కగోడల మీద ఉబ్బు ఉందేమో చేత్తో తడిమి చూడండి.

నన్నడిగితే ఆ 13 లక్షలకు కొంత కలిపి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కోసం వెతకమంటాను. 2017లో వచ్చిన ఆర్‌ఎస్ 230 కార్లు 500, 2020లో వచ్చిన ఆర్‌ఎస్ 245 కార్లు 200 మాత్రమే మన దేశంలో అమ్మారు, అందువల్ల ఓపికగా వెతకాలి. రెండు లీటర్ల ఇంజను, స్పీడు బ్రేకర్లను తట్టుకునే ఎత్తు, మామూలు ఆక్టేవియాతో కలిసే చాలా భాగాలు. రోజూ ఆఫీసుకు వెళ్తుంది, ఆదివారం శ్రీశైలం ఘాట్‌లో మీ మనసూ నింపుతుంది. ఐ20ని అమ్మకుండా ఉంచుకుని, అప్పు లేకుండా ఎం5 కొనగల రోజు వస్తే అప్పుడు కొనండి. ఆ రోజు నేనే మీతో వచ్చి చూసి పెడతాను.

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను. 2008 ఎం5, 82 వేల మైళ్లు తిరిగినది, 21 వేల డాలర్లకు చూశాను. వీ10 ఇంజను, క్లచ్ పెడల్ లేని ఎస్ఎంజీ గేర్‌బాక్సు. ఇంట్లో ఇంకో టొయోటా ఉంది. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: రెండో కారు ఉంది కాబట్టి మీ పరిస్థితి వేరు. ఈ ఇ60 తరంలో ఇంజను 8,250 ఆర్‌పీఎం దాకా పాడుతుంది, కానీ దాని కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరగడం అందరికీ తెలిసిన బలహీనత. అవి మార్చినట్టు రసీదు చూపిస్తే ఆ కారు విలువ పెరిగినట్టే. రసీదు లేకపోతే ఆ ఖర్చును బేరంలోనే తగ్గించమనండి. థ్రాటిల్ యాక్చువేటర్లు, ఎస్ఎంజీ హైడ్రాలిక్ పంపు తర్వాతి రెండు అనుమానాలు. అమెరికాలో ఇదే కారు ఆరు గేర్ల మాన్యువల్‌తోనూ అమ్మారు. దొరికితే కొంచెం ఎక్కువ పెట్టి అదే తీసుకోండి. ఊళ్లో మైలేజీ గ్యాలనుకు 11 మైళ్లని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క. 2025 నుంచి టెక్సస్‌లో సొంత కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేసినా మీ కౌంటీలో పొగ పరీక్ష కొనసాగుతోంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే బండి అందులో పాస్ అవ్వదు. కొందరు అమ్మేముందు ఆ లైటును చెరిపేస్తారు. అందుకని డబ్బు చెల్లించే ముందు కారును ఒక స్వతంత్ర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, కారు కంప్యూటరు తనంతట తాను చేసుకునే ఓబీడీ పరీక్షలన్నీ పూర్తయినట్టు స్కానరులో కనబడేదాకా ఆగండి.