వక్ఫ్ రాబడితో విశ్వవిద్యాలయం: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పేద విద్యార్థుల కోసం ఏటా ఒక విశ్వవిద్యాలయానికి జకాత్ (ముస్లింలు తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) ఇస్తున్నాను. ఇకమీదట ఆ మొత్తాన్నే వక్ఫ్ (ధర్మకార్యానికి శాశ్వతంగా అంకితం) చేస్తే జకాత్ తీరినట్టేనా?

జవాబు: తీరదు. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ తొమ్మిదో సూరా 60వ ఆయత్‌లో 8 వర్గాలుగా ఉంది. ఆ సొమ్ము అర్హుడి చేతికి అతని సొంతంగా అందాలన్నది ఎక్కువమంది ఫకీహుల (ఇస్లామీ ధర్మశాస్త్ర పండితుల) మాట. ఫీజు కట్టుకోలేని విద్యార్థికి ఇస్తే సరే. ప్రయోగశాల భవనానికో, అధ్యాపకుల జీతాలకో అంటే చాలామంది ఒప్పుకోరు. వక్ఫ్‌లో అసలు సొమ్ము ఎవరి సొంతమూ కాదు, దాని మీద వచ్చేదే ఖర్చుపెడతారు. అందుకే జకాత్ విడిగా ఇవ్వండి, వక్ఫ్ విడిగా చేయండి. రెండూ ఒకే ఖాతాలో కలిస్తే తర్వాత విడదీయడం ముతవల్లీ (వక్ఫ్ నిర్వాహకుడి) తరం కాదు.

ప్రశ్న: స్థలం లేదు, నగదే ఉంది. వక్ఫ్ చెల్లుతుందా? ఒక అధ్యాపక పదవిని శాశ్వతంగా నిలపాలంటే ఎంత కావాలి?

జవాబు: నగదు వక్ఫ్ మీద పాత తగాదా ఉంది. 16వ శతాబ్దపు ఉస్మానీ (ఒట్టోమన్) సామ్రాజ్యంలో షేఖుల్ ఇస్లాం (ప్రధాన మతాధికారి) ఎబుస్సూద్ ఎఫెంది చెల్లుతుందన్నాడు, పండితుడు బిర్గివీ కూడదన్నాడు. నేడు చాలా దేశాల్లో చెల్లుతోంది. అయితే వడ్డీ డిపాజిట్‌లో కాకుండా అద్దె వచ్చే భవనంలోనో, ఇస్లామీ బాండ్లైన సుకూక్‌లోనో, లాభం పంచుకునే ముదారబాలోనో పెట్టాలని వక్ఫ్‌నామాలోనే రాయించండి.

లెక్కకు వస్తే, ఏటా కావలసినదానికి 25 రెట్లు అసలు సొమ్ము ఉండాలి. ఏడాదికి 12 లక్షల ఖర్చయ్యే పదవికి 3 కోట్లు. రాబడి 7 శాతం, ధరల పెరుగుదల 3 శాతం అనుకోండి. ఆ 3 శాతాన్ని తిరిగి అసలులో కలపాలి, మిగిలిన 4 శాతమే ఖర్చుకు. తప్పు జరిగేది ఇక్కడే: మంచి ఏడాదిలో 7 శాతమూ స్కాలర్‌షిప్‌లుగా పంచేస్తారు. ఇరవై ఏళ్లకు అసలు అంకె అంతే ఉంటుంది, దాని కొనుగోలు శక్తి మాత్రం దాదాపు సగానికి దిగుతుంది. ఏటేటా ఒడిదుడుకులు తగ్గాలంటే, గత 3 ఏళ్ల సగటు విలువ మీద 4 శాతం తీయండి.

ఇంకొకటి. పేరులో వక్ఫ్ ఉండగానే ఫీజులు తగ్గుతాయనుకోకండి. తుర్కియేలో 1984లో మొదలైన బిల్కెంట్ తరహా వక్ఫ్ విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నా, ఎక్కువవాటికి ప్రధాన ఆదాయం ఫీజులే.

ప్రశ్న: విశ్వవిద్యాలయం పేర మా పెద్దలు వక్ఫ్ చేసిన దుకాణాలు దీర్ఘకాలపు లీజులో ఉన్నాయి. అద్దె నామమాత్రం. అమ్మి వేరేచోట కొనవచ్చా?

జవాబు: అమ్మకం చివరి మందు. వక్ఫ్ ఆస్తిని మార్చడాన్ని ఇస్తిబ్దాల్ అంటారు. అది ఖాజీ లేదా న్యాయస్థానం అనుమతితో, సమాన విలువ లేదా అంతకు మించిన ఆస్తికి మాత్రమే. ముందు లీజు పత్రం చదవండి. దాత ఏమీ చెప్పనప్పుడు హనఫీ న్యాయ సంప్రదాయం వారు భూమికి 3 ఏళ్లు, ఇళ్లకు 1 ఏడాది గడువు పెట్టింది మీ దుకాణాల గతి పట్టకుండానే. గడువు ముగియగానే బహిరంగ వేలంలో, అద్దె ఏటా పెరిగే షరతుతో ఇవ్వండి. వచ్చిన అద్దెలో మొదటి వాటా మరమ్మతుదే, విద్యార్థిది తర్వాతే. పైకప్పు కూలితే ఎవరికీ ఏమీ మిగలదు.

ప్రశ్న: దాత ఒక్క శాస్త్ర విభాగానికే ఇవ్వమన్నారు. ఆ విభాగాన్నే మూసేశారు.

జవాబు: ముతవల్లీ సొంతంగా మార్చలేడు. దాత షరతును షరీఅత్ వచనంతో సమానంగా చూడాలన్నది ఫకీహుల సూత్రం. న్యాయస్థానం అనుమతితో దగ్గరి విభాగానికి మళ్లించవచ్చు. 11వ శతాబ్దం మొదట్లో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ వక్ఫ్ పత్రంలో అల్ అజ్హర్ చాపలకూ, దీపాల నూనెకూ విడివిడిగా కేటాయింపులున్నాయి. అంత వివరం రాయండి, దాని కింద ఈ వాక్యమూ చేర్చండి: "ఆ విభాగం లేనప్పుడు దగ్గరి శాస్త్రానికి, అదీ లేనప్పుడు పేద విద్యార్థులకు."