పాఠకుల ప్రశ్నలు: స్కాన్ చేసిన పుస్తకం చిన్న పీడీఎఫ్ కావాలంటే

ప్రశ్న: 1/8 డెమ్మీ సైజు పాత పుస్తకం, 240 పేజీలు, రంగుల్లో 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేశాను. టిఫ్ ఫైళ్లన్నీ కలిపి 3 జీబీ అయ్యాయి. ఆన్‌లైన్ కంప్రెసర్‌తో 12 ఎంబీ పీడీఎఫ్ వచ్చింది గానీ ఒత్తులు కలిసిపోయాయి. అక్షరం చెడకుండా తగ్గించడం ఎలా?
– పాఠకుడు, తెనాలి

జవాబు: 5.5 × 8.5 అంగుళాల పేజీకి 300 డీపీఐలో 42 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. రంగుల్లో ఒక్కోదానికి 3 బైట్లు, అంటే పేజీకి 12 ఎంబీ పైచిలుకు. నల్ల సిరా, పసుపెక్కిన కాగితం తప్ప ఏమీ లేని పేజీకి ఇన్ని రంగులు వృథా. కంప్రెసర్లు సాధారణంగా ఆ రంగులను అలాగే ఉంచి, డీపీఐ తగ్గించి, జెపెగ్ కుదింపును గట్టిగా బిగిస్తాయి. 100 డీపీఐకి దిగితే 12 పాయింట్ల వరుస ఎత్తు 16 పిక్సెళ్లే. గుడి, అక్షరం, ఒత్తు అన్నీ అందులోనే ఇమడాలి. పైగా జెపెగ్ ఫొటోల కోసం చేసిన పద్ధతి, నల్లని గీత అంచు చుట్టూ మసక పుట్టిస్తుంది.

కాబట్టి డీపీఐ కాదు, రంగు తగ్గించండి. స్కాన్‌టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేజీల వంకర సరిచేసి, అంచులు కత్తిరించి, 600 డీపీఐ బ్లాక్ అండ్ వైట్‌గా ఔట్‌పుట్ తీయండి. మూలం 300 అయినా ఔట్‌పుట్ 600 పెడితే అక్షరాల అంచులు నున్నగా వస్తాయి. సిరా పలచబడిన పేజీలకు మందం స్లైడర్ కొంచెం పెంచండి, మరీ పెంచితే సున్నాలు పూడిపోతాయి. బొమ్మలున్న పేజీలకు మాత్రం ‘మిక్స్‌డ్’ (అక్షరాలు నలుపు తెలుపులో, బొమ్మలు రంగుల్లో) పెట్టండి.

మచ్చలు తీసే డెస్పెకిల్‌ను ఆపేయండి, లేదా అతి తక్కువలో ఉంచండి. ద, ధ మధ్య తేడా ఒక చిన్న గీత. పాత అచ్చులో అది విడిగా, మచ్చలాగే కనిపిస్తుంది, తుడిచిపెట్టుకుపోతుంది. వెనక పేజీ అక్షరాలు కనబడుతుంటే ఆ పేజీ కింద నల్ల కాగితం పెట్టి మళ్లీ స్కాన్ చేయడమే మేలు.

తర్వాత ఐఎంజీ2పీడీఎఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పేజీలన్నీ ఒక పీడీఎఫ్‌గా కలపండి. బ్లాక్ అండ్ వైట్ పేజీలను ఇది జీ4 పద్ధతిలో, ఒక్క పిక్సెల్ కూడా పోకుండా కుదిస్తుంది. శుభ్రమైన పేజీ సాధారణంగా 100 కేబీ లోపే ఉంటుంది, పుస్తకం 25 ఎంబీ దాటదు. ఫైళ్లకు 001, 002 అని పేర్లు పెట్టండి. వట్టి 1, 2 అని పెడితే 1 పక్కన 10వ పేజీ వచ్చి కూర్చుంటుంది. మూల టిఫ్‌లను చెరపకండి.

ప్రశ్న: జేబిగ్2 అనే కుదింపు పద్ధతి ఎంచుకుంటే ఫైలు ఇంకా చిన్నదవుతుందట. వాడొచ్చా?
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: లాస్‌లెస్ (ఏదీ పోకుండా కుదించేది) అయితే వాడండి. లాసీ (కొంత వదిలేసి కుదించేది) వద్దే వద్దు. లాసీలో ఒకేలా కనిపించే అక్షరాలకు ఒకే బొమ్మను దాచి అన్నిచోట్లా దాన్నే అతికిస్తుంది. 2013లో జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీసెల్ కొన్ని జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రాలు స్కాన్‌లో 6 బదులు 8 వేస్తున్నాయని బయటపెట్టారు. దానికి కారణం ఇలాంటి కుదింపే. తెలుగులో బ–భ, ద–ధ జంటలకు ఇదే ముప్పు. మసక అచ్చయితే చెదిరిపోయిందని తెలుస్తుంది. ఇక్కడ తప్పు అక్షరం స్ఫుటంగా కనబడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. దస్తావేజుల్లో సర్వే నంబరు ఇలా మారితే ఎంత నష్టమో ఆలోచించండి.

ప్రశ్న: స్కాన్ పుస్తకానికి పీడీఎఫ్ కంటే డెజావూ (DjVu) ఫార్మాట్ మేలా?
– పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఏటీ అండ్ టీ ల్యాబ్స్‌లో 1996 నుంచి తయారైన ఈ ఫార్మాట్ అక్షరాలను, కాగితం రంగును వేర్వేరు పొరలుగా కుదిస్తుంది. రంగు పేజీలకు చాలా గొప్ప పద్ధతి. కానీ మామూలు ఫోనులో నేరుగా తెరుచుకోదు. పుస్తకాలను ఉచితంగా అందించే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటు కూడా 2016లో డెజావూ ఫైళ్లు తయారుచేయడం మానేసింది. పాత పుస్తకాల పాఠం ఉంచే వికీసోర్స్ సైటు పీడీఎఫ్, డెజావూ రెండింటినీ తీసుకుంటుంది. నలుగురూ చదవాలనుకుంటే పీడీఎఫ్ చేయండి.

ప్రశ్న: పీడీఎఫ్‌లో పదాలు వెతకడం వీలవుతుందా?
– పాఠకురాలు, డల్లాస్

జవాబు: అవుతుంది. ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, ఇది అక్షరాలను గుర్తించే టెసరాక్ట్ అనే ప్రోగ్రాంతో చదివించి పేజీ వెనక కనబడని పాఠం చేరుస్తుంది. టెసరాక్ట్ తెలుగు డేటాను విడిగా ఇన్‌స్టాల్ చేసి, భాషగా తెలుగును తప్పక ఎంచుకోండి. లేకపోతే ఇంగ్లీషు అనుకుని చదివేస్తుంది. ఫైలు సైజు తగ్గించే ‘ఆప్టిమైజ్’ను 1లోనే ఉంచండి. 2, 3 పెడితే బొమ్మల నాణ్యత పడిపోతుంది.