చావు లేకపోయినా ట్రాజెడీయేనా?

ప్రశ్న: బెంగళూరు మల్లేశ్వరంలో కొందరం తెలుగువాళ్ళం నెలకోసారి కలిసి నాటకాలు చదువుకుంటాం. ప్రాచీన గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ రాసిన ‘టౌరియన్ల దేశంలో ఇఫిజెనియా’ చదివాక, చివరికి అందరూ క్షేమంగా బయటపడ్డారు కనుక ఇది ట్రాజెడీయే కాదని ఒకరు పట్టుబట్టారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: కాదు. ఈ తికమకకు సగం కారణం మన అనువాదమే. ట్రాజెడీని ‘విషాదాంత నాటకం’ అన్నాం కనుక మన చూపంతా ఆ ‘అంతం’ మీదే నిలిచిపోతుంది. ఏథెన్సులో మద్యదేవుడు డయొనైసస్ ఉత్సవాల పోటీల్లో ఆడిన ట్రాజెడీలన్నీ చావుతో ముగిసినవి కావు.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో ట్రాజెడీకి ఆరు అంగాలు చెప్పి, వాటిలో ఇతివృత్తానికి పెద్దపీట వేశాడు. జాలినీ భయాన్నీ పుట్టించడం దాని పని అన్నాడు. 13వ అధ్యాయంలో నాయకుడు సుఖం నుంచి దుఃఖంలోకి జారే కథే మేలని చెప్పినవాడే, 14వ అధ్యాయానికి వచ్చేసరికి, ఎవరో తెలియక అయినవాళ్ళను చంపబోయి ఆఖరి క్షణంలో గుర్తుపట్టి ఆగిపోవడం అన్నిటికన్నా ఉత్తమమంటూ మీరు చదివిన నాటకాన్నే ఉదాహరణగా చూపాడు. ఈ రెండు మాటలకూ పొత్తు కుదర్చడానికి వ్యాఖ్యాతలు నానా తంటాలూ పడ్డారు. నా మట్టుకు నాకు రెండో మాటే నచ్చుతుంది, ఎందుకంటే ఆ ఉత్తరం ఘట్టం అలాంటిది.

దేశంకాని దేశంలో పూజారిణిగా ఉన్న ఇఫిజెనియా, బలికి తెచ్చిన ఇద్దరు గ్రీకుల్లో ఒకరిని విడిచిపెట్టి, అతని చేత సొంత ఊరికి ఉత్తరం పంపాలనుకుంటుంది. ఓడ మునిగి ఉత్తరం పోయినా కబురు మిగలాలని దానిని పైకి చదివి వినిపిస్తుంది. ఆ ఉత్తరం ఆమె తమ్ముడు ఒరెస్టీస్‌కు. బలి కావలసిన ఆ రెండోవాడు అతడే. ఉత్తరం పుచ్చుకున్న మొదటివాడు, ఒరెస్టీస్ స్నేహితుడు, పక్కకు తిరిగి, అక్కడికక్కడే దానిని ఒరెస్టీస్ చేతిలో పెడతాడు. ఇంటికి ఉత్తరం పంపాలనుకోవడం ఎవరికైనా సహజమే కనుక, కథలోంచే పుట్టిన ఈ గుర్తింపును అరిస్టాటిల్ మెచ్చుకున్నాడు. మచ్చలూ కంఠహారాలూ చూసి గుర్తుపట్టే పద్ధతిని మాత్రం అట్టడుగున పెట్టాడు. (సగం తెగిన లాకెట్లతో అన్నదమ్ములను కలిపిన మన సినిమావాళ్ళు ఆయన చేతికి చిక్కకపోవడం వాళ్ళ అదృష్టం.)

ప్రశ్న: కవితలో అలంకారాలు ఎక్కువైతే తప్పేమిటి?
— జయనగర్ పాఠకుడు

జవాబు: కవి భాష స్పష్టంగా ఉండాలి, అలాగని చప్పగానూ ఉండకూడదన్నది అరిస్టాటిల్ సూత్రం. అన్నీ రూపకాలే (ఒకదాన్ని మరొకటిగా చెప్పే మెటాఫర్లే) అయితే అది పొడుపుకథ అవుతుందని, అన్నీ అరుదైన మాటలే అయితే అర్థంకాని పరభాష అవుతుందని ఆయన హెచ్చరించాడు. అయినా రూపకం కట్టే నేర్పు ఒకరి దగ్గర నేర్చుకుంటే వచ్చేది కాదని, అది పోలికను పట్టగల చూపుకు గుర్తని ఆయనే అన్నాడు. రోజుకు సాయంత్రం ఎలాగో జీవితానికి ముసలితనం అలాగ. కాబట్టి సాయంత్రాన్ని ‘రోజుకు ముసలితనం’ అనీ, ముసలితనాన్ని ‘జీవిత సంధ్య’ అనీ అనవచ్చునన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణ. రెండోది మన సన్మాన పత్రాల్లో అరిగిపోయింది. మొదటిది మాత్రం తెలుగులో ఇంకా కొత్తగానే వినిపిస్తుంది. మీరు వాడి చూడండి.