పక్క రాష్ట్రం కారు 4.60 లక్షలకు వస్తోంది, కొనమంటారా?

ప్రశ్న: మాది ఖమ్మం. నేనూ నా భార్యా ప్రైవేటు స్కూల్లో టీచర్లం. ఇద్దరికీ కలిపి నెలకు 62,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 14,500, ఇంటి ఖర్చులు 30,000 దాకా. బ్యాంకులో 3.80 లక్షల ఎఫ్‌డీ ఉంది. మధిరలో ఉన్న అమ్మానాన్నల్ని తరచూ ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి రావడంతో సెకండ్‌హ్యాండ్ కారు చూస్తున్నాం. విజయవాడలో 2018 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 58,000 కిలోమీటర్లు తిరిగింది, 4.60 లక్షలు చెప్తున్నారు. 3 లక్షలు నాలుగేళ్లకు, 8 శాతం ఫ్లాట్ వడ్డీకి ఇస్తామని ఫైనాన్స్ వాళ్లంటున్నారు. మొన్న టీవీలో ఓ కామెడీ కార్టూన్ వచ్చింది. అందులో ఒకాయన పాత కారు కొంటే, ఇల్లు చేరేలోపే డోరు ఊడి చేతికొస్తుంది. మా అమ్మాయి పగలబడి నవ్వి, ‘నాన్నా, మనదీ ఇంతేనా?’ అంది. అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాస్టారూ, మీకు కారు అవసరమే. డబ్బు మిగులుతుందని పెద్దవాళ్లను ఎండలో బస్టాండులో నిలబెట్టమని నేను చెప్పను. కానీ ఈ కారును ఈ ధరకు, ఈ అప్పుతో కొనొద్దు.

ముందు అప్పు సంగతి. ఫ్లాట్ వడ్డీలో మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా 3 లక్షల మీదే వేస్తారు. ఏడాదికి 24,000 చొప్పున నాలుగేళ్లకు 96,000. ఈఎంఐ 8,250. బ్యాంకుల్లో మాదిరిగా, తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే ఇది 14 శాతం దాటుతుంది. కాబట్టి ఏ బ్యాంకయినా 13 శాతం చెప్తే, 8 కంటే ఎక్కువ కదా అని వెనక్కి రాకండి. మీకు నెలకు మిగిలేది 17,500. ఈఎంఐ పోగా 9,250. నెలకు 600 కిలోమీటర్లు తిరిగినా పెట్రోలుకే దాదాపు 4,000 అవుతుంది. మిగతాదాంట్లోంచే ఇన్సూరెన్స్, సర్వీసింగ్, అమ్మానాన్నల మందులు. నాలుగు టైర్లూ ఒకేసారి మార్చాల్సి వస్తే క్రెడిట్ కార్డు గీకుతారు. నా భయమంతా అదే.

ఇక 4.60 లక్షలతో అయిపోదు. ఏపీ బండిని తెలంగాణకు మార్చుకోవాలంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఎంతవుతుందో ఖమ్మం ఆర్టీఏ ఆఫీసులో ముందే కనుక్కుని ఆ మొత్తాన్ని ధరకు కలిపి చూడండి. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండే చవకైనప్పుడు పాతదాని రేటు పాత లెక్కలోనే ఉండటం న్యాయం కాదు. అదే మోడల్ షోరూమ్‌లో ఇవాళ ఎంతో తెలుసుకుని బేరం ఆడండి.

విజయవాడ బండి అనగానే నాకు 2024 సెప్టెంబర్ బుడమేరు వరద గుర్తొచ్చింది. అప్పుడు మీ ఊళ్లోనూ మున్నేరు పొంగింది కదా. ఆ నీళ్లలో మునిగిన కార్లు కడిగి, పాలిష్ పెడితే చూడ్డానికి బాగానే ఉంటాయి. తర్వాత వైరింగ్ ఒక్కొక్కటే పాడవుతుంది. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. బయట కనిపించే భాగం ఉతుకుతారు గానీ, లోపల చుట్టుకుని ఉండే చివరి మూర మీద బురద చార అలాగే ఉండిపోతుంది. డిక్కీలో స్టెప్నీ తీసి కింద చెయ్యి పెట్టి చూడండి, ఒండ్రు తగులుతుందేమో. సీటు జరిగే పట్టాలకు తుప్పు ఉందా? ఏసీ వేస్తే ముక్కిపోయిన వాసన వస్తోందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బేరం ఆడకుండా వచ్చేయండి. ఇన్సూరెన్స్ కంపెనీలో వరద క్లెయిమ్ ఏమైనా ఉందా అనీ వాకబు చేయించండి.

పేరు మార్పు దగ్గర చాలామంది బద్ధకిస్తారు. నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబం కారు కొన్న రెండు నెలలకు గాలివానలో చెట్టు కూలి దానిపైన పడింది. పాలసీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉందని క్లెయిమ్ ఇవ్వలేదు. బండి కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు చేయాలి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అమ్మినవాళ్లదే, మీకు రాదు, కాబట్టి ప్రీమియం పెరుగుతుంది. ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి మీద అప్పు ఉన్నట్టు) కనిపిస్తే, బ్యాంకు ఎన్‌ఓసీ, అప్పు తీరిందని ఆ నమోదు తీయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.

నేనైతే ఇలా చేస్తాను. ఎఫ్‌డీలో 1.80 లక్షలు కదపను. ఇంటి లోన్ ఈఎంఐతో కలిపి మీ ఇంటికి నాలుగు నెలల ఖర్చు అది, పైగా ప్రైవేటు స్కూలు ఉద్యోగాలు. మిగిలిన 2 లక్షలు కట్టి, 1.50 లక్షలు బ్యాంకులో మూడేళ్లకు తీసుకుంటే 13 శాతం వడ్డీకి ఈఎంఐ 5,050 ప్రాంతంలో ఉంటుంది. అంటే 3.50 లక్షల్లో, ఖమ్మంలోనో వరంగల్‌లోనో తెలంగాణ రిజిస్ట్రేషన్ ఉన్న కారు వెతకండి. కాస్త పాత మోడలైనా ఫరవాలేదు, సర్వీసు రికార్డు ఉంటే చాలు.

అయినా విజయవాడ బండిని ఒకసారి చూసొస్తామంటే చూడండి. తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకెళ్లండి, అతనికిచ్చే డబ్బు దండగ కాదు. అడ్వాన్స్ మాత్రం జేబులో పెట్టుకుని వెళ్లకండి, ఫోన్‌లో కూడా పంపకండి. అమ్మాయినీ తీసుకెళ్లి, వెనక సీటు బెల్టు తన చేతే చివరిదాకా లాగించండి.