రొయ్యల బండికి రంగు: మేనల్లుడికి మావయ్య ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

తుప్పు పట్టిన రొయ్యల బండికి షెడ్డులో రంగు వేయించాలంటే చాలా అడిగారనీ, నువ్వే వేసుకుంటే ఎలాగనీ రాశావు. బండి ఫొటోలు చూశాను. నువ్వు బెంగపడ్డంత ఏం లేదు. కాకపోతే ఎడమ వెనక చక్రం పైన, మడ్‌గార్డు అంచున రంగు బుడగలా లేచిందే, అక్కడ స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడు. లోపలికి దిగబడిందంటే అక్కడ రేకు లేదు, రంగే నిలబడి ఉంది. అలాంటి చోట్లన్నీ సుద్దముక్కతో గుర్తుపెట్టుకో. షెడ్డులో చెప్పిన రేటు మెరుపు ఖరీదురా. ట్రేలు మోసే బండికి మెరుపెందుకు? నీ డబ్బంతా కింద, నీళ్ళు నిలిచే మూలల్లో పెట్టు. పైన బ్రష్షు చారలు కనపడ్డా రొయ్య ఏమీ అనుకోదు.

పని ఫిబ్రవరి ఆఖర్న మొదలుపెట్టు. అప్పటికి పొద్దుటి మంచు తగ్గుతుంది, కాలవల్లో నీళ్ళూ ఉంటాయి. వేసవిలో కాలవలు కట్టేశాక నీకు దిక్కు ఆ బోరే. సముద్రం వార ఊళ్ళలో బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటేనే తెలుస్తుంది. ఆ నీళ్ళతో కడిగి రంగు వేశావంటే ఉప్పు రంగు కిందే ఉండిపోయి, గాల్లో తేమని లాక్కుంటూ రేకుని తింటూనే ఉంటుంది. అంచేత డ్రమ్ములతో కాలవ నీళ్ళు ఇంటికి తెచ్చుకో. బండిని మాత్రం కాలవలోకి దించకు, దిగువ ఊళ్ళవాళ్ళు తాగేవి ఆ నీళ్ళే. సబ్బు నీళ్ళతో ఓసారి, మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి ఎండలో బాగా ఆరనివ్వు. తుప్పు గీకాక గుంటల్లో ఉప్పు బయటపడుతుంది, అప్పుడు ఇంకోసారి కడిగి వెంటనే తుడిచెయ్.

గీకడానికి గ్రైండరుకి వైరు కప్ బ్రష్ బిగించు. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదియ్. డీజిల్ ట్యాంకు, బ్రేకు గొట్టాల దగ్గర మాత్రం చేత్తోనే రుద్దు. కళ్ళద్దాలు పెట్టుకో, మూతికి మాస్కు కట్టుకో. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరావంటే మీ అమ్మతో చెబుతాను.

పెచ్చులన్నీ రాలగొట్టి, 80 నంబరు ఎమిరీ కాగితంతో రుద్దాక గుంటల్లో ఇంకా ఎర్రగా మిగిలిన చోట రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పుని గట్టి పొరగా మార్చే మందు, పూస్తే ఆ తుప్పు నల్లగా మారుతుంది. అది పల్చటి తుప్పుకే మందు, పెచ్చు మీద పూస్తే డబ్బు దండగ. చిల్లులుంటే ఆ ముక్క కోయించి వెల్డింగ్ పెట్టించు. లప్పంతో పూడ్చి పైన రంగేస్తే లప్పం నీళ్ళు పీల్చుకుని మళ్ళీ అక్కడే లేస్తుంది.

రంగు కింద పూసే ప్రైమరు సంగతికొస్తే, అందరూ రెడ్ ఆక్సైడ్ అంటారు. ఇంటి గేటుకి అది చాలు. ట్రేలు పెట్టే, ఉప్పునీళ్ళు కారే డెక్కుకీ, చాసిస్‌కీ ఎపాక్సీ ప్రైమరే కొను. అది రెండు డబ్బాలుగా వస్తుంది, ప్రైమరొకటి, దాన్ని గట్టిపరిచే హార్డెనరొకటి. ఖరీదు ఎక్కువే, కానీ మిగతా అంతటా ఆదా చేసేది ఇక్కడ పెట్టడానికే. హార్డెనరు డబ్బా మీద రాసిన పాళ్ళలోనే కలుపు. కలిపింది మర్నాటికి రాయవుతుంది కాబట్టి పూయగలిగినంతే కలుపుకో. పైన సింథటిక్ ఎనామిల్ చాలు. ఫోమ్ రోలరుతో పల్చగా రెండు మూడు కోట్లు, ఒకటి ఆరాకే ఇంకోటి. పాత రంగు మీద వేసేముందు, కొత్త రంగులో కలిపే థిన్నరు గుడ్డకి తడిపి ఓ మూల రుద్ది చూడు, ముడతలు పడితే ఆ థిన్నరు దానికి పడదన్నమాట.

పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటిలోపు ఆపెయ్. సాయంత్రమైతే చెరువుల మీద లైట్లకి వచ్చే పురుగంతా నీ తడి రంగు మీదే వాలుతుంది. కొబ్బరిచెట్టు కింద కూడా పెట్టకు, పువ్వు రాలుతుంది. నీడ కావాలంటే బరకం కట్టుకో.

ఇప్పుడు అసలు సంగతి. డోర్ల కింద అంచున, చాసిస్ పెట్టెల్లో నీళ్ళు పోవడానికి కంపెనీవాడు పెట్టిన రంధ్రాలుంటాయి. మట్టితో పూడిపోయుంటాయి, తీగతో పొడిచి తెరువు. రంగు ఆరాక, సన్నగొట్టం ఉన్న కావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా లోపల కొట్టే మైనం) డబ్బాతో ఆ లోపలంతా కొట్టు. రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకో. పాత ఇంజినాయిలు పూయమని ఎవరైనా చెబుతారు. వినకు. రబ్బరు బుష్‌లు ఉబ్బుతాయి, కారిందంతా ఎవరి చెరువులోకో పోతుంది. తుప్పు మీద తారు పూయడం ఇంకా దారుణం, దాని కింద చెమ్మ దాక్కుని తింటూ ఉంటుంది, నీకు కనపడదు. డెక్కులో ఐసు నీళ్ళు దిగే చిల్లుకి ఓ రబ్బరు గొట్టం తొడిగి, ఆ నీళ్ళు యాక్సిల్ మీద పడకుండా కింద డబ్బాలోకి పోయేలా కట్టు. పది రూపాయల పని, ఒక్కడూ చెయ్యడు!

రంగు మార్చాలని సరదా పడకు, ఆర్‌సీలో రాసిన రంగే వెయ్. మారిస్తే ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలి. చాసిస్ నంబరు మీద రంగు పడనివ్వకు. ఫిట్‌నెస్ పరీక్షకి వెళ్ళేముందు రిఫ్లెక్టర్ టేపులు కొత్తవి అంటించు.

ఆ తర్వాత లోడు దించిన రోజు రాత్రికి ఎంత నిద్రొస్తున్నా డెక్కూ, కిందా మంచినీళ్ళతో కడిగే పడుకో. గ్రైండరు నా దగ్గరుంది, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. కప్ బ్రష్ మాత్రం కొత్తది కొనుక్కో, నాది అరిగిపోయింది.

ఇట్లు,
మీ మావయ్య